మాంక్‌గేట్ ఆసుపత్రి ఇంకా 2.2 మీటర్లు పక్కకి జరిగే ఉంది

ఇంగ్లండ్‌లోని యార్క్ నగరం పాత మ్యాపును ఇవాళ్టి మ్యాప్ మీద సరిగ్గా కూర్చోబెట్టే పని. వరసగా మూడో ఆదివారం దీనికే పోయింది. పోయిన వారం మాంక్‌గేట్ వీధిలోని యార్క్ కౌంటీ హాస్పిటల్ గోడ మూల ఇవాళ్టి మ్యాప్ మీద 4.6 మీటర్లు మాంక్ బ్రిడ్జ్ వైపు జరిగి ఉంది. ఈ రాత్రికి 2.2కి తెచ్చాను. సంతోషమే, కానీ నిద్ర పట్టే సంతోషం కాదు.

నా చేతిలో ఉన్నది బ్రిటన్ ప్రభుత్వ మ్యాపుల సంస్థ ఆర్డ్నెన్స్ సర్వే వేసిన 1852 నాటి ప్లాను, మైలుకు 5 అడుగుల స్కేలు. మాంక్‌గేట్‌లో ఇప్పటికీ నిలబడి ఉన్న ఎర్ర ఇటుకల భవనం 1851లో పూర్తయింది. అంటే ఈ షీటు మీద ఆ గోడల గీతలు దాదాపు కొత్తవే. అందుకే ఇంత పట్టుదల.

మొదట నా క్లిక్‌నే అనుమానించాను. కాగితం మీద 1 మిల్లీమీటరు అంటే నేల మీద 1.056 మీటర్లు. 400 డీపీఐ (అంగుళానికి 400 చుక్కల) స్కాన్‌లో ఒక పిక్సెల్‌కి 6.7 సెంటీమీటర్లు. 4.6 మీటర్లంటే 69 పిక్సెళ్లు! చెయ్యి వణికినా అంత తప్పు రాదు. కాగితం సాగిందా అంటే, రెండు వైపులా వేరువేరుగా సాగినా నేను వాడే మొదటి డిగ్రీ పాలినోమియల్ (షీటు మొత్తాన్ని ఒకే లెక్కతో జరిపి, తిప్పి, సాగదీసే పద్ధతి) దాన్ని సర్దేస్తుంది.

తప్పు నేను ఎంచుకున్న కంట్రోల్ పాయింట్లలో ఉంది, అంటే రెండు మ్యాపుల్లోనూ ఒకటే అనుకుని జత కలిపిన చోట్లలో. మొత్తం 14 పెట్టాను. ఒకటి సెయింట్ మారిస్ చర్చి మూల. ప్లానులో ఉన్న పాత చర్చిని 1870లలో కూల్చి కొత్తది కట్టారు, 1960లలో అదీ పోయింది. నేను జత కలిపింది ఆ రెండో చర్చి మూల ఉన్న చోటుతో. ఆ ఒక్క పాయింటు తీసేస్తే 4.6 కాస్తా 3.1 అయింది. మాంక్ బ్రిడ్జ్ అంచుల మీద ఇంకో రెండు. ఆ వంతెనను 1920లలో వెడల్పు చేశారు, అంచులు అప్పటివి కావు. వాటి బదులు మాంక్‌గేట్‌లోని జార్జియన్ ఇళ్ల మధ్య గోడలు మూడు తీసుకున్నాను. 2.2కి దిగింది. పాత కోట గోడ ద్వారమైన మాంక్ బార్ తోరణం, మిన్‌స్టర్ అనే పెద్ద చర్చి మూలలు మాత్రం మొదటి నుంచీ బంగారం.

థిన్ ప్లేట్ స్ప్లైన్ (ప్రతి పాయింటు దగ్గరా షీటును రబ్బరులా విడిగా లాగే పద్ధతి) వాడమని చాలామంది అంటారు. నేను వాడను. పాయింట్ల దగ్గర తప్పు సున్నా అని చూపించి, తప్పుడు పాయింటును కూడా దాచేస్తుంది. చర్చి దొరికింది పాలినోమియల్ వల్లే. నేను వాడే మ్యాపుల సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్ ఉచితం, ఈ పనికి అంతకన్నా ఏమీ అక్కర్లేదు.

మిగిలిన 2.2కి రెండు అనుమానాలు. షీటును రెండు ముక్కలుగా స్కాన్ చేసి అతికించాను, ఆ అతుకు ఆసుపత్రి పక్కనుంచే పోతోంది. లేదా ఇవాళ్టి మ్యాప్‌లో ఆ భవనాన్ని విమానం ఫోటోలోని పైకప్పు మీద గీసి ఉంటారు. ఎత్తైన భవనం పైకప్పు అలాంటి ఫోటోల్లో పక్కకి వాలి కనిపిస్తుంది. ఇంగ్లండ్ ప్రభుత్వ ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీ ఇచ్చే 1 మీటరు లైడార్ డేటా (విమానం నుంచి లేజర్‌తో కొలిచిన ఎత్తులు) ఉచితమే, గోడ అసలు ఎక్కడుందో దాంతో తేలుతుంది.



వచ్చే ఆదివారం మొత్తం షీటును ఒకే ముక్కగా స్కాన్ చేయించాలి. తర్వాత మైలుకు ఇరవై ఐదంగుళాల స్కేలు షీటు. 1740లో మొదలై 1977లో మూతపడిన ఆసుపత్రి ఇది, ఇప్పుడు ఆ భవనంలో జనం కాపురం ఉంటున్నారు. ఆవరణలో ఏ గది ఎప్పుడు వచ్చిందో ఒక్కో షీటు నుంచి ఒక్కో రంగులో గీయాలని ఉంది. రంగులు మాత్రం ఇవాళే ఎంచేశాను.