దురదగొండికి ఎవరూ చావరట

వినాయక చవితి ముందురోజు ఖాజాగూడ గుట్టల వైపు పత్రికి వెళ్లాను. ఇరవై ఒక్క రకాలూ ఉండాలని అమ్మ పట్టుదల. మార్కెట్లో కట్టలు కట్టి అమ్మే ఆకుల్లో సగం ఏమిటో అమ్మేవాళ్లకే తెలియదని ఆవిడ అనుమానం. రాళ్ల సందున ఉత్తరేణి గుబురుగా కనిపిస్తే చెయ్యి పెట్టి లాగాను. దానికి అల్లుకున్న సన్నని తీగను చూడలేదు. రంపపు అంచు ఆకులు, కంటికి ఆనని పసుపుపచ్చని పూలు, మూడు పలకల కాయ, ఒళ్లంతా నూగు. దురదగొండి. చిన్నప్పుడు చేను గట్టున దూరం నుంచే గుర్తుపట్టి తప్పుకున్న మొక్క. ముప్పై ఏళ్ల హైదరాబాదు కాపురంలో ఆ చూపు పోయింది.

ముంజేయి భగ్గుమంది. ఆ నూగు కొనలో సూదిలాంటి స్ఫటికం ఉంటుందట. అది చర్మాన్ని గుచ్చితే ఆ దారినే మంటపెట్టే రసం లోపలికి దిగుతుందట. సంస్కృతంలో దీనికి వృశ్చికాళి అని పేరుపెట్టినవాడికి ఒక్కసారైనా తగిలే ఉంటుంది. ఇవన్నీ తర్వాత చదువుకున్నవి. ఆ పూట నేను చేసిందల్లా దువ్వెనతో గోక్కోవడం.

పండగకు వచ్చిన మా బావగారు వైద్యం అందుకున్నారు. వీధి చివరి గేదెల కొట్టం నుంచి పేడ తెప్పించి మోచేతి దాకా పట్టించారు. ఎండాక పెచ్చులుగా ఊడదీస్తే నూగు కూడా వచ్చేస్తుందని ఊరి లెక్క. ఆ లెక్క తప్పని నేను అనను. కానీ గోకి గోకి నెత్తురు చిమ్మిన చేతి మీద, అదీ పన్నెండేళ్లుగా షుగరు ఉన్నవాడి చేతి మీద! ప్రేమతోనే చేశారు. ఆ మాట ఇప్పుడు రాయగలుగుతున్నాను కానీ, అప్పుడు ఆయన మొహం చూడబుద్ధి కాలేదు.

చవితి సాయంత్రానికి చెయ్యి బరువెక్కింది. దగ్గర్లోని క్లినిక్కుకు వెళ్లాం. డాక్టరు చెయ్యి ముట్టుకోలేదు, షుగరు ఉందా అని అడగలేదు. "దురదగొండికి ఎవరూ చావరు లెండి" అని నవ్వి దురద మాత్రలు రాశాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. అతని మీద ఎంతో, నా మీదా అంతే.

ఆ రాత్రి రెండు దుప్పట్లు కప్పినా పళ్లు టకటకలాడాయి. మా ఆవిడ లైటు వేసి, "ఏమండీ, ఎరుపు మోచెయ్యి దాటింది" అంది. పెద్దాసుపత్రికి పరుగెత్తాం. షుగరు 386. సెల్యులైటిస్ అన్నారు, అంటే చర్మం కింద పాకే ఇన్ఫెక్షన్. ఒక సిస్టరు ఎరుపు ఆగినచోట నీలం పెన్నుతో గీత గీసి, పక్కన 1.40 అని టైము వేసింది. "ఇది దాటితే పిలవండి అంకుల్" అంది.

ఇక నిద్రెక్కడ! గీతనే చూస్తూ పడుకున్నాను. కుడిచెయ్యి. తీసేయాలని ఎవరూ అనలేదు. చొక్కా చెయ్యి ఖాళీగా వేలాడడం నాకు నేనే ఊహించుకున్నాను. నాలుగింటికి ఎరుపు అర అంగుళం దాటింది. పిలవగానే ఆమె వచ్చింది, డాక్టరును లేపింది, రెండో గీత గీసింది. 4.10. నాకు వచ్చిన శ్లోకం శుక్లాంబరధరం ఒక్కటే. తెల్లవారేదాకా దాన్నే తిప్పి తిప్పి చదివాను. రెండో గీత దాటలేదు. మందు పనిచేసిందో, ఆ వినాయకుడే చూశాడో. నేను ఇద్దరికీ దణ్ణం పెట్టుకున్నాను. ఆ సిస్టరుకు మూడోది.

తర్వాత ఆరు రోజులు సూదులు, సెలైన్లు, ఇన్సులిన్. పరామర్శకు వచ్చిన ఒకాయన దురదగొండి గింజలు నరాల బలానికి మంచివని ఉపన్యాసం ఇచ్చాడు. అది దూలగొండి మహానుభావా, చిక్కుడు జాతి. నన్ను కుట్టింది ఆముదం కుటుంబంలోది. దురద ఒక్కటే రెండింటికీ చుట్టరికం.

మీకు తగిలితే రుద్దకండి, గోకకండి. అంటుకునే టేపు అద్ది లాగితే నూగు కొంత వస్తుంది, ఆపైన ధారగా నీళ్లు పోయండి. షుగరు ఉంటే డాక్టరు అడగకపోయినా చెప్పండి. చెయ్యి చూడకుండా మందు రాస్తే లేచి వచ్చేయండి.

ఈ చవితికి బావగారే మోండా మార్కెట్ నుంచి పత్రి తెచ్చారు. పదిహేను రకాలే ఉన్నాయని, ఉత్తరేణి అసలే లేదని అమ్మ గొణిగింది. బావగారు నా చెయ్యి వంక చూసి, పీటలు వాల్చడానికి లోపలికి వెళ్లారు.