'లేడీహాక్' చూసినవాళ్లంతా తిట్టే ఆ దొంగ గురించి

1985లో వచ్చిన హాలీవుడ్ సినిమా 'లేడీహాక్' చూసినవాళ్ల మాటలు వింటే పొగడ్తా తిట్టూ ఒకే నోట వస్తుంటాయి. కథ బాగుంది, ఫొటోగ్రఫీ గొప్పగా ఉంది, నల్లటి గుర్రం మీద నాయకుడిగా వేసిన రట్గర్ హావర్ కనిపిస్తే చాలు అంటారు. ఆ వెంటనే, మధ్యయుగం కథలో ఆ డ్రమ్ములేమిటి, ఆ దొంగ కుర్రాడు సినిమా అంతా ఎందుకు వాగుతుంటాడు అంటారు. సంగీతం మీద ఫిర్యాదులో సగం నిజం ఉంది. దొంగ మీద ఫిర్యాదు మాత్రం సినిమా ఎలా కట్టారో గమనించకపోవడం వల్ల వచ్చిందని నా గట్టి నమ్మకం.

చూడనివాళ్ల కోసం కథ రెండు ముక్కల్లో. అక్విలా నగరాన్ని ఏలే బిషప్ ఇజబో అనే అమ్మాయి మీద ఆశపడ్డాడు. ఆమె ప్రేమించింది అతని కాపలాదళం కెప్టెన్ నవార్‌ని. నవార్, ఇజబోల ప్రేమ సంగతి పాపనివేదనలో విన్న ఇంపీరియస్ అనే సన్యాసి తాగిన మత్తులో దాన్ని బిషప్ చెవిన వేశాడు. బిషప్ సైతానుతో బేరం పెట్టుకుని శాపం వేయించాడు. పగలు ఆమె డేగ, రాత్రి అతను తోడేలు. ఆ నగరం చెరసాల నుంచి మురుగుకాలవలో పాకి తప్పించుకున్న ఫిలిప్ అనే చిల్లర దొంగ, ముద్దుపేరు 'ఎలుక', వాళ్ల దారిలో పడతాడు. ముగింపు కూడా కింద చర్చకు వస్తుంది, తెలుసుకోవడం ఇష్టం లేనివాళ్లు ముందు సినిమా చూసి రండి.

ఇది పాత యూరప్ ఐతిహ్యం అని చాలామంది రాస్తారు. కాదు. ఎడ్వర్డ్ ఖ్మారా సొంతంగా అల్లిన కథ. పాత గాథ అన్న మాట స్టూడియో ప్రచారంలో పుట్టింది, దాని మీద ఆయన అభ్యంతరం కూడా చెప్పాడు. అయితే ఇలాంటి ఎడబాటు మన కావ్యాలు చదివినవాళ్లకి కొత్తది కాదు. జక్కవల జంట పొద్దుగుంకగానే విడిపోయి రాత్రంతా ఒకదాన్నొకటి పిలుచుకుంటుందని మన కవిసమయం. జక్కవలకి కనీసం పగలన్నా ఉంది. నవార్, ఇజబోలకి అదీ లేదు. పైగా దూరాన కూడా లేరు. పగలంతా ఆమె అతని ముంజేతి మీదే వాలి ఉంటుంది, రాత్రంతా అతను ఆమె అడుగుల వెంటే తిరుగుతుంటాడు. పక్కనే ఉండి కలవలేకపోవడం ఈ కథకి ప్రాణం.

ఇక్కడే రచయితకి ఒక చిక్కు వచ్చిపడుతుంది. సినిమా నిడివి 121 నిమిషాలు. అందులో నాయికా నాయకులు ఇద్దరూ మనుషులుగా ఎదురుపడేది ఒక తెల్లవారుజామున రెప్పపాటు, మళ్లీ చివరి కొద్ది నిమిషాలు. ఒకరితో ఒకరు మాట్లాడుకోలేని జంట ప్రేమని తెర మీద ఎలా చూపాలి? నలుడికీ దమయంతికీ మధ్య హంస ఏ పని చేసిందో, ఇక్కడ ఈ దొంగ ఆ పని చేస్తాడు. పగలు అతనితో, రాత్రి ఆమెతో మాట్లాడగలిగే మనిషి అతనొక్కడే. వాళ్లు ఏమన్నారో మోసుకెళ్లడమే కాదు, అననివి కూడా కలిపి చెబుతాడు. అలా కలిపి చెప్పినప్పుడు వినేవాళ్ల ముఖం వెలగడం మనం చూస్తాం. హావర్, ఇజబోగా వేసిన మిషెల్ ఫైఫర్ ఒకే చోట లేకుండానే ప్రేమించుకుంటున్నట్టు మనకి అనిపించడానికి ఆ ముఖాలే కారణం.

అతని వాగుడుకి పునాది మొదటి పది నిమిషాల్లోనే వేశారు. మురుగులో ఈదుతూ దేవుడితో బేరాలాడతాడు, ఇక దొంగతనం చేయనని మాటిస్తాడు, వెంటనే తప్పుతాడు. దేవుడికే అబద్ధం చెప్పగలిగినవాడు ప్రేమికులకి చెప్పడా? ఆ అలవాటు ముందు నవ్వించి తర్వాత కరుణగా మారుతుంది. మొదటి అరగంటలో ఆ స్వగతాలు రెండు మూడు తగ్గించి ఉంటే బాగుండేదన్న మాట మాత్రం నేనూ ఒప్పుకుంటాను. ఒకే హాస్యాన్ని పదే పదే వాడటంతో, అసలు అవసరం వచ్చేసరికి కొందరు ప్రేక్షకులు అతని మాట వినడం మానేస్తారు. తప్పు ఎడిటింగ్‌ది, పాత్రది కాదు.

యాస సంగతి. దొంగగా వేసిన మాథ్యూ బ్రాడరిక్ అమెరికన్‌లా పలుకుతాడని విసుక్కుంటారు. హావర్ డచ్చివాడు, సన్యాసిగా వేసిన లియో మెక్‌కర్న్ ఆస్ట్రేలియాలో పుట్టినవాడు, బిషప్‌గా వేసిన జాన్ వుడ్ ఇంగ్లీషువాడు, ఫైఫర్ అమెరికన్. పేర్లు ఫ్రెంచివి, కొండలు ఇటలీవి. ఇందులో ఎవరి యాసా ఆ కాలానిది కాదు. ఒక్కడినే పట్టుకోవడం న్యాయం కాదు.

సంగీతం ఆండ్రూ పవెల్‌ది, నిర్మించింది అలన్ పార్సన్స్. చర్చి కీర్తనల బాణీలు, పెద్ద ఆర్కెస్ట్రా, సింథసైజర్, రాక్ డ్రమ్స్ అన్నీ కలిపారు. అప్పట్లో అది వింత ప్రయత్నమేమీ కాదు. 1924 ఒలింపిక్స్ కథ అయిన 'చారియట్స్ ఆఫ్ ఫైర్' సినిమాకి సింథసైజర్ వాయించి వాంజెలిస్ ఆస్కార్ తెచ్చుకుని అప్పటికి కొన్నేళ్లే. మన జానపద సినిమాల్లో రాకుమారి పాటకి వయొలిన్లు, క్లారినెట్లు మోగితే ఏ కాలంవని ఎవరూ అడగలేదు కూడా. కాబట్టి కాలానికి సరిపోలేదన్న వాదన నిలవదు. అసలు లోపం వేరే చోట ఉంది. గుర్రపు స్వారీ, కత్తియుద్ధాల మీద వేసిన డ్రమ్ములకి మారని తాళం ఉంటుంది. డెక్కల చప్పుడుకి, ఇనుము తగిలే చప్పుడుకి వాటి సొంత లయ ఉంటుంది. రెండు లయలూ ఒకదాన్నొకటి తొక్కేసుకుంటాయి. సౌండ్, సౌండ్ ఎఫెక్ట్స్ ఎడిటింగ్ రెండింటికీ ఆస్కార్ నామినేషన్ వచ్చిన సినిమా ఇది. ఆ పనితనం డ్రమ్ములు ఆగిన చోటే వినిపిస్తుంది. సంధ్యవేళల్లో ఆర్కెస్ట్రా మెల్లగా నడిచే భాగాల మీద మాత్రం ఎవరూ పేచీ పెట్టరు.

ఫొటోగ్రఫీ విత్తోరియో స్తొరారోది. అప్పటికే ఆయనకి రెండు ఆస్కార్లు ఉన్నాయి. ఈ కథలో వెలుతురే గడియారం. పొద్దు ఎక్కడుందో తెలిస్తేనే ఎవరు మనిషో, ఎవరు జంతువో తెలుస్తుంది. అందుకే సూర్యుడు దిగుతున్న కొద్దీ మనకీ గుండె దడ మొదలవుతుంది. శిథిలమైన మఠంగా కనిపించేది ఇటలీలోని అబ్రుత్సో ప్రాంతపు రొక్కా కలాషో కోట, సముద్రమట్టానికి సుమారు 1,460 మీటర్ల ఎత్తున ఉంటుంది. అది ఉన్నది నిజంగానే లాక్విలా జిల్లాలో, ఆ పేరుకి గద్ద అని అర్థం.

సినిమా తేలిపోయింది అనేవాళ్లలో కొందరు అసలు సగం బొమ్మే చూసి ఉంటారు. ఫ్రేమ్ వెడల్పుకీ ఎత్తుకీ నిష్పత్తి 2.35:1. పాత టీవీ 1.33:1 కి కత్తిరిస్తే దాదాపు 43 శాతం బొమ్మ పోతుంది. ఇప్పటి టీవీ నిండా సాగదీయకుండా కోసి చూపినా పావు వంతు దాకా పోతుంది. తెర పైనా కిందా నల్ల పట్టీలు కనిపిస్తుంటేనే పూర్తి బొమ్మ వస్తున్నట్టు. టీవీలో సినిమా మోడ్ పెట్టి, మోషన్ స్మూతింగ్ (కదలికని నునుపు చేసే సెట్టింగ్) ఆపేయండి. ఎందుకంటే రూపం మారే ఘట్టాలన్నీ నెమ్మదిగా ఒక బొమ్మలోంచి ఇంకో బొమ్మ కరిగి రావడం మీద ఆధారపడ్డాయి. ఆ సెట్టింగ్ ఉంటే అవి సీరియల్ ట్రిక్కుల్లా కనిపిస్తాయి. బ్రైట్‌నెస్ కూడా మరీ తగ్గించవద్దు, రాత్రి అడవిలో నల్ల తోడేలు కనబడకుండా పోతుంది.

మంచులో తెల్లవారే ఘట్టం గురించి ఒక ప్రశ్న తరచూ వస్తుంది. ఇద్దరూ ఒకే కిరణానికి మారాలి కదా, మరి క్షణం పాటు ఇద్దరూ మనుషులుగా ఎలా ఉన్నారు? ఈ సినిమాలో మార్పు స్విచ్ వేసినట్టు జరగదు, కరుగుతూ జరుగుతుంది. ఆ కరిగే సందులోనే చేయి చాస్తారు, అందుకోలేకపోతారు. రబ్బరు ముఖాలు, మొలిచే కోరలు చూపించి ఉంటే ఆ సందు ఉండేది కాదు.

చివర్లో సూర్యగ్రహణం వేళ ఇద్దరూ మనుషులుగా బిషప్ ఎదుట నిలబడితే శాపం తొలగిపోతుంది. ఆ గ్రహణం మీద కూడా అనుమానాలున్నాయి. పగలే అయినా చీకటి పడినందుకు నవార్ తోడేలు కావాలి కదా అని. శాపం వాళ్లని పగటికీ రాత్రికీ కట్టిపడేసింది. ఆ కాసేపు రెండూ కాదు, అందుకే శాపానికి పట్టు దొరకదు. మన పురాణాల్లో వరాలకి సందు వెతికే పద్ధతే ఇది, సంధ్యవేళ గడప మీద జరిగిన హిరణ్యకశిపుడి వధ తెలిసినవాళ్లకి వివరించనక్కర్లేదు. చర్చిలో పోరాడుతున్న నవార్‌కి గ్రహణం మొదలైనట్టు తెలియకపోవడం కూడా సబబే. సూర్యబింబం చాలా భాగం కప్పుకునేదాకా నేల మీద వెలుతురు తగ్గినట్టు కంటికి ఆనదు. పగిలిన కిటికీలోంచి చూసేసరికి చీకటి కమ్మి ఉంటుంది. సంపూర్ణ గ్రహణం ఒక చోట ఏడున్నర నిమిషాలకి మించదు, సాధారణంగా రెండు మూడు నిమిషాలే. తెర మీద ఆ గడువుని కాస్త లాగారు, అది క్షమించదగ్గ తప్పే. పక్షుల గురించి తెలిసినవాళ్లు పట్టుకున్న తప్పు మాత్రం నిజం. డేగగా వేసింది ఎర్రతోక డేగ, అది ఉత్తర అమెరికా పక్షి.

పిల్లలతో చూసేవాళ్లకి ఒక మాట. మొదట్లోనే ఉరితీతలు ఉన్నాయి, తోడేళ్లని పట్టేవాడు తన ఉచ్చులోనే చచ్చే ఘట్టం ఉంది. పదేళ్ల లోపు వాళ్లకి ఆ రెండు చోట్లా ముందుకు జరిపేయండి.

రెండోసారి చూస్తే దొంగ ఇటు నుంచి అటు చేరవేసే ప్రతి మాటా పక్కన రాసుకుని చూడండి. అందులో నవార్ నిజంగా అన్నది ఎంత, ఇజబో నిజంగా అన్నది ఎంత, ఫిలిప్ తన జేబులోంచి తీసి కలిపింది ఎంత అని.