కాలిఫోర్నియాలో 3,000 ఓట్లు

ఆదివారం. పొద్దుటి నుంచీ ముసురు.

బల్ల మీద మూడు కాగితాలు: 1916 అధ్యక్ష ఎన్నికల్లో ఏ రాష్ట్రం ఎటు పోయిందో చూపే పట్టిక, ఆ ఏడాది ఆగస్టు నుంచి మరుసటి మార్చి దాకా క్యాలెండరు, 1886 నాటి అమెరికా అధ్యక్ష వారసత్వ చట్టం. ఇవాళ్టి పని ఆ ఎన్నికల్లో ఓడిన రిపబ్లికన్ అభ్యర్థి చార్లెస్ ఇవాన్స్ హ్యూస్‌ను ఊహలో గెలిపించడం.

అత్తకు మీసాలొస్తే మామ అవుతుందన్న సామెతతో ఇలాంటి పనిని ఒక్క మాటలో తీసిపారేయొచ్చు. దారీ తెన్నూ లేని ఊహకు ఆ మాట సరిగ్గా సరిపోతుంది. 1916కి సరిపోదు. అమెరికాలో అధ్యక్షుడిని తేల్చేది రాష్ట్రాల తరఫున ఓటేసే ఎలక్టర్లు, మామూలుగా రాష్ట్రంలో నెగ్గినవారికే అక్కడి ఎలక్టర్లంతా దక్కుతారు. అప్పట్లో మొత్తం ఎలక్టోరల్ ఓట్లు 531, గెలవాలంటే 266 కావాలి. అధ్యక్షుడిగా ఉండి మళ్లీ పోటీ చేసిన డెమోక్రాట్ వుడ్రో విల్సన్‌కు 277, హ్యూస్‌కు 254 వచ్చాయి. కాలిఫోర్నియావి 13. అవి చేతులు మారితే హ్యూస్ 267, విల్సన్ 264. ఆ రాష్ట్రంలో పోలైన ఓట్లు సుమారు 10 లక్షలు, తేడా 4,000 కూడా లేదు. 1,900 మంది అటువాళ్లు ఇటు వేసి ఉంటే మొదటి ప్రపంచ యుద్ధ కాలపు అమెరికా అధ్యక్షుడు వేరే మనిషి.

తొమ్మిదింటికి ఈ లెక్క దగ్గరే కాసేపు ఆగాల్సి వచ్చింది. 1,900 చాలదు. ఆ రోజుల్లో ఓటరు పార్టీకి ఒక్క గీత గీసి వచ్చేయడం కాదు, కాలిఫోర్నియాలో ఎలక్టర్లకు పేరు పేరునా ఓటు వేసేవారు. కొందరు జాబితాలో మొదటి పేరుకు గుర్తు పెట్టి మిగతావి వదిలేసేవారు. అందువల్ల ఒకే పార్టీ ఎలక్టర్లకు వేరు వేరు మొత్తాలు వచ్చేవి. 1916 తేడాను ఒక్కో పుస్తకం ఒక్కో అంకెగా ఇవ్వడానికి కూడా ఇదే కారణం. తేడా మరీ పలచబడితే జాబితా రెండుగా చీలుతుంది. 1912లో ఇదే రాష్ట్రంలో మాజీ అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ 174 ఓట్లతో గట్టెక్కాడు. ఆయనకు 11 మంది ఎలక్టర్లు దక్కితే మిగతా ఇద్దరూ విల్సన్ వాళ్లు. 1916లో వెస్ట్ వర్జీనియా కూడా చీలింది, హ్యూస్‌కు 7, విల్సన్‌కు 1.

ఇప్పుడు అదే చీలికను మన ఊహలో పెట్టి చూడాలి. కాలిఫోర్నియా నుంచి ఒక్క ఎలక్టర్ జారిపోతే హ్యూస్ 266, విల్సన్ 265. సరిగ్గా గీత మీద గెలుపు. ఇద్దరు జారిపోతే హ్యూస్ 265, విల్సన్ 266. అధ్యక్షుడు మళ్లీ విల్సనే! ఇంత కష్టపడి మార్చిన చరిత్ర ఇద్దరు మనుషుల దగ్గర వెనక్కి తిరిగి వచ్చేస్తుంది. కాబట్టి 3,000 మంది మారినట్టు పెట్టుకోవాలి. అప్పుడు హ్యూస్‌కు 2,000కు పైగా ఆధిక్యం ఉంటుంది, చీలిక భయం చాలావరకు తగ్గుతుంది.

పది దాటాక, ఆ 3,000 మంది ఎందుకు మారతారన్న ప్రశ్న. దీని మీద ఎంత సమయం పెట్టినా తక్కువే. ‘దేశమంతటా హ్యూస్‌కు కాస్త ఆదరణ పెరిగింది’ అని రాసేస్తే పట్టిక మొత్తం మళ్లీ వేయాలి. న్యూ హాంప్‌షైర్‌లో విల్సన్ నెగ్గింది 56 ఓట్లతో, అక్కడ 4 ఎలక్టోరల్ ఓట్లు కూడా ఇటు వచ్చేస్తాయి. నార్త్ డకోటాలో తేడా 2,000 లోపే, అవి 5. గాలి అటు వీచిందని పెట్టుకుంటే హ్యూస్ 392 ఓట్లతోనే నెగ్గిన మిన్నెసోటా చేజారుతుంది, 12 పోతాయి. దేశమంతటి గాలి వేరు, ఒక్క ఊళ్లో జరిగిన మాట వేరు. రెండూ కలిపేస్తే లెక్క చెడుతుంది. కాలిఫోర్నియాను మాత్రమే మార్చాలంటే కారణం కూడా కాలిఫోర్నియాలోనే దొరకాలి.

దొరుకుతుంది కూడా. ఆగస్టులో హ్యూస్ ఆ రాష్ట్రంలో తిరిగాడు. గవర్నర్ హైరమ్ జాన్సన్ 1912లో రూజ్‌వెల్ట్‌తో కలిసి పార్టీ వీడి ఉపాధ్యక్ష పదవికి పోటీ చేసినవాడు. ఇప్పుడు సెనేట్ సీటు కోసం రిపబ్లికన్ టికెట్ అడుగుతున్నాడు. ఆ టికెట్ ఎవరికో తేల్చే పార్టీ ఎన్నిక, అంటే ప్రైమరీ, ఆగస్టు చివర్లో ఉంది. హ్యూస్ పర్యటన ఏర్పాట్లేమో జాన్సన్ అంటే గిట్టని పాత రిపబ్లికన్ల చేతిలో ఉన్నాయి. లాంగ్ బీచ్‌లో ఒకే హోటల్లో కొన్ని గంటల పాటు ఇద్దరూ ఉన్నారు, కలవలేదు. జాన్సన్ అక్కడే ఉన్నాడని హ్యూస్‌కు తెలిసింది వెళ్లిపోయాకే. వెంటనే మనిషిని పంపినా పని జరగలేదు. శాన్ ఫ్రాన్సిస్కోలో హోటల్ కార్మికుల సమ్మె నడుస్తుంటే, సమ్మెను కాదని పనిచేస్తున్నవాళ్లు వడ్డించిన విందుకు హ్యూస్ వెళ్లి కూర్చోవడం మరో దెబ్బ. నవంబరులో జాన్సన్ దాదాపు 3 లక్షల ఆధిక్యంతో సెనేట్‌కు గెలిచాడు. అదే రోజు, అదే రాష్ట్రంలో అదే పార్టీ అధ్యక్ష అభ్యర్థి ఓడాడు.

ఈ కథ రాసేవాళ్లంతా హోటల్ వరండాలో ఇద్దరి చేతులూ కలిపించి ముందుకు పోతారు. చూడ్డానికి బాగుంటుంది, కానీ బలం లేదు. ప్రైమరీ ఇంకా కొద్ది రోజులే ఉండగా జాన్సన్‌తో చేయి కలిపితే, పర్యటన నడిపిస్తున్నవాళ్లే అలుగుతారు. ఇటు వచ్చిన ఓట్లు అటు పోతాయి. అంతకన్నా గట్టి మార్పు క్యాలెండరులో ఉంది: కాలిఫోర్నియా పర్యటనను ప్రైమరీ అయ్యాక సెప్టెంబరుకు జరపడం. అప్పటికి జాన్సన్ పార్టీ అధికారిక అభ్యర్థి. ఇద్దరూ ఒకే వేదిక ఎక్కితే ఎవరికీ అభ్యంతరం ఉండదు. దీనికీ ఒక ఖర్చుంది. మెయిన్ రాష్ట్ర ఎన్నికలు సెప్టెంబరు రెండో సోమవారమే జరిగేవి, దేశానికి అది ముందస్తు సూచనగా చూసేవారు. ఆ వారం హ్యూస్ దేశానికి తూర్పు చివర ఉండాలి. రైలు ప్రయాణాలు లెక్కేస్తే కాలిఫోర్నియాకు సెప్టెంబరు మూడో వారం దక్కుతుంది. సరిపోతుంది.

కాలిఫోర్నియా స్త్రీలకు 1911 నుంచే ఓటుంది. సమాఖ్య స్థాయిలో స్త్రీల ఓటు హక్కు సవరణకు మద్దతిస్తానని హ్యూస్ ఆ ఆగస్టులోనే ప్రకటించాడు, విల్సన్ అప్పటికి ఆ మాట అనలేదు. అయినా ‘మనల్ని యుద్ధానికి దూరంగా ఉంచాడు’ అన్న డెమోక్రాట్ల నినాదం పడమటి రాష్ట్రాల్లో బాగా పనిచేసింది. జాన్సన్ పక్కన నిలబడితే ఆ నినాదం బలం పూర్తిగా తగ్గదు. 3,000 ఓట్లకైతే తగ్గాల్సిన పని కూడా లేదు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక కాసేపు పక్క ఎన్నికల మీదికి చూపు పోయింది. 1960లో జాన్ కెనెడీ చేతిలో ఓడిన నిక్సన్‌ను గెలిపించేవాళ్లు ఇల్లినాయ్ ఒక్కటి చాలనుకుంటారు. చాలదు. కెనెడీకి 303, అందులో ఇల్లినాయ్ 27 తీసేసినా 276 మిగులుతాయి, కావలసింది 269. టెక్సస్ 24 కూడా రావాలి, అక్కడ తేడా 46,000కు పైనే. 1968లో ప్రచారం మధ్యలో హత్యకు గురైన రాబర్ట్ కెనెడీ బతికుంటే అధ్యక్షుడే అన్నది ఇంకా బరువైన పొరపాటు. అప్పట్లో ఎక్కువ రాష్ట్రాల్లో డెలిగేట్లను, అంటే పార్టీ అభ్యర్థిని ఎంచే ప్రతినిధులను, తేల్చింది పార్టీ పెద్దలు. ఆ ఏడాది డెమోక్రాట్ల అభ్యర్థి హంఫ్రీ ఒక్క ప్రైమరీలోనూ పోటీ చేయకుండానే టికెట్ తెచ్చుకున్నాడు. తుపాకీ పేలనంత మాత్రాన ఆ పద్ధతి మారదు.

మళ్లీ 1916. నవంబరు 7 పోలింగు. దానికి రెండు రోజుల ముందు విల్సన్ విదేశాంగ మంత్రి లాన్సింగ్‌కు ఒక ఉత్తరం రాశాడు. తాను ఓడితే మార్చి 4 దాకా నాలుగు నెలలు బలం లేని అధ్యక్షుడిగా కూర్చోవడం ఆ యుద్ధ సమయంలో దేశానికి ప్రమాదమని, అందుకే హ్యూస్‌ను విదేశాంగ మంత్రిగా పెట్టి, తానూ ఉపాధ్యక్షుడు మార్షల్ కూడా రాజీనామా చేసే ఏర్పాటు అందులో ఉంది. అప్పటి వారసత్వ చట్టం ప్రకారం ఉపాధ్యక్షుడి తరవాత వచ్చేది విదేశాంగ మంత్రే. ఈ ఉత్తరం నిజంగా ఉంది. ఊహించడానికి కూర్చున్నవాళ్లకు ఇంతకన్నా విలువైన కాగితం ఇంకేం కావాలి?

సంతోషం కొద్దీ చాలామంది నవంబరు 15కల్లా హ్యూస్‌ను వైట్ హౌస్‌లో కూర్చోబెడతారు. చట్టం పక్కన పెట్టుకుని చదివితే అది కుదరదు. సెనేట్ సమ్మతితో నియమితులైన మంత్రికే వారసత్వం వర్తిస్తుందని 1886 చట్టంలో స్పష్టంగా ఉంది. సెనేట్ లేనప్పుడు చేసే తాత్కాలిక నియామకం పనికిరాదు. అమెరికా చట్టసభ కాంగ్రెస్ కూడేది డిసెంబరు 4న. విల్సన్ సెనేట్‌ను ప్రత్యేకంగా పిలవగలడు, కానీ ఏ ఫలితం చేతిలో పెట్టుకుని పిలుస్తాడు? నిజంగా జరిగిన చరిత్రలో హ్యూస్ ఓటమి ఒప్పుకుంటూ తంతి పంపిందే నవంబరు 22న. ఫలితం తారుమారైతే విల్సన్ వైపువాళ్లూ అంతే కాలం కాలిఫోర్నియా లెక్కలు తేలేదాకా ఆగుతారు. అంటే డిసెంబరు మొదటి వారానికి ముందు ఏమీ జరగదు. అప్పటికీ ఎలక్టర్లు ఓటే వేయలేదు. వాళ్లు వేసేది 1917 జనవరి 8న, కాంగ్రెస్ లెక్కించేది ఫిబ్రవరి 14న. ఇంకా ఎన్నిక కాని మనిషి అధ్యక్ష బాధ్యతల్లో ఉంటాడు. పైగా మార్షల్ ఒప్పుకోవాలి. సుప్రీంకోర్టు న్యాయమూర్తి పదవి వదిలి బరిలోకి వచ్చిన హ్యూస్ ఈ మెలికలన్నీ చూడకుండా తలూపడు. ఒప్పుకుంటాడనే నా అంచనా, అయితే డిసెంబరు మధ్యలో, సెనేట్ ఓటు పడ్డాకే.

సాయంత్రం ‘మారనివి’ అని విడిగా ఒక కాగితం. జర్మనీ జలాంతర్గాములను అడ్డూ అదుపూ లేకుండా వదలాలని నిర్ణయించింది జనవరి 9న. బ్రిటన్‌ను కొన్ని నెలల్లో ఆకలితో లొంగదీయవచ్చన్న నౌకాదళం అంచనా మీద తీసుకున్న నిర్ణయం అది. అమెరికా అధ్యక్షుడి పేరు చూసి తీసుకున్నది కాదు. దాన్ని అలాగే ఉంచాలి. సెనేట్ డెమోక్రాట్లదే, అదీ మారదు. దేశం మొత్తం ఓట్లలో విల్సన్ ఆధిక్యం 5 లక్షలకు పైన, 3,000 ఓట్ల మార్పుతో అది కరగదు. జనం ఓట్లలో వెనకబడిన అధ్యక్షుడు, ఎదుటి పార్టీ సెనేట్‌తో, దేశాన్ని యుద్ధంలోకి నడిపించాలి. రాయాల్సిన అసలు కథ ఇదీ. మంత్రివర్గంలో రూజ్‌వెల్ట్‌కు యుద్ధ శాఖ ఇచ్చి సంబరపడటం కన్నా ఈ ఇరుకే ముఖ్యం.

మారేవాటిలో మొదటిది డిసెంబరు 18 నాటి విల్సన్ శాంతి లేఖ, యుద్ధం చేస్తున్న దేశాలను శాంతి షరతులు చెప్పమని అడిగినది. అధికారం చేతులు మారుతున్న వారంలో అది పంపడం కష్టం. రెండోది ఎక్కువమంది మరిచేది: హ్యూస్ జోడీగా ఉపాధ్యక్ష పదవికి నిలిచిన చార్లెస్ ఫెయిర్‌బ్యాంక్స్ 1918 జూన్ 4న చనిపోయాడు. ఖాళీ అయిన ఉపాధ్యక్ష పదవిని నింపే పద్ధతి 1967 దాకా రాజ్యాంగంలో లేదు. కాబట్టి 1918 జూన్ నుంచి హ్యూస్ తరవాతి వరుసలో విదేశాంగ మంత్రి ఉంటాడు. ఆ మంత్రి, అంతకుముందు కూడా ఆ పదవి చేసిన ఎలిహూ రూట్ అయితే, అప్పటికి ఆయనకు 73 ఏళ్లు. మూడోది ఇంకా దూరం పోతుంది: 1930 నుంచి 1941 దాకా సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి హ్యూసే. మాజీ అధ్యక్షుడు టాఫ్ట్ ఆ పీఠం ఎక్కాడు కనుక ఆ దారి మూసుకుపోయిందని అనలేం. అయితే యుద్ధం నడిపి, బహుశా 1920లో ఓడి వచ్చిన మనిషిని 1930 నాటి అధ్యక్షుడు హూవర్ పిలుస్తాడా? ఇక్కడ రెండు కొమ్మలు గీసి వదిలేయడమే మేలు.

రాత్రి చివరగా చేర్చిన వరుస మద్రాసుది. 1917 జూన్‌లో, అనీ బెసెంట్ నిర్బంధంలో ఉన్నప్పుడు, మద్రాసు హైకోర్టు మాజీ న్యాయమూర్తి ఎస్. సుబ్రహ్మణ్య అయ్యర్ హోంరూల్ తరఫున అమెరికా అధ్యక్షుడు విల్సన్‌కు ఉత్తరం రాశాడు. బ్రిటిష్ పాలన తీరు చెప్పి, భారతదేశానికి స్వపరిపాలన కోసం సాయం అడిగాడు. దాని మీద బ్రిటిష్ ప్రభుత్వం మండిపడింది, ఆయన తన బిరుదులు వదులుకున్నాడు. ఆ ఉత్తరానికి ఊపిరి ఏప్రిల్ 2న విల్సన్ చేసిన ప్రసంగం, ప్రపంచాన్ని ప్రజాస్వామ్యానికి సురక్షితం చేయాలన్న ఆ మాట. హ్యూస్ కూడా అదే వసంతంలో యుద్ధం అడుగుతాడు, కానీ న్యాయవాదిలా అడుగుతాడు: మునిగిన ఓడలు, పోయిన ప్రాణాలు, ఉల్లంఘించిన హక్కులు. అంత పొడి ప్రసంగం చదివి మద్రాసు నుంచి ఎవరైనా ఆయనకు ఉత్తరం రాస్తారా? రేపు హ్యూస్ 1916 ప్రచార ప్రసంగాలు తీసి, ఆయన యుద్ధం గురించి వాడిన మాటలు ఒక్కొక్కటే రాసుకోవాలి.