మైదానం నడుమ నుంచి ఒక తన్ను

మెల్‌బోర్న్ పడమటి శివార్లలోని గోదాముల్లో పనిచేసే మాకు మార్చి నుంచి సెప్టెంబరు దాకా సోమవారం ఉదయం టీ గదిలో ఫుటీ, అంటే ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్, తప్ప మరో ప్రసంగం ఉండదు. మన ఇళ్లలో క్రికెట్ వల్లే పేరు తెలిసిన ఎంసీజీ మైదానం ఆ నెలల్లో కోలబంతి పాలవుతుంది. ఇరువైపులా 18 మంది చొప్పున ఆడతారు. నడిమి రెండు కంబాల మధ్య నుంచి తన్నితే 6 పాయింట్లు, పక్క సందులోంచి పోతే 1.

మా షిఫ్టులో కాలింగ్‌వుడ్ అభిమానులే ఎక్కువ కాబట్టి నేనూ ఆ జట్టు వెంటే పడ్డాను. 2021లో 18 జట్లలో 17వ స్థానంలో నిలిచిన ఆ జట్టు, క్రెయిగ్ మెక్రే శిక్షకుడిగా వచ్చాక 2023లో విజేత అయింది. మారినది ముఖ్యంగా బంతిని ముందుకు నడిపే తీరు. తమ గోలు దగ్గర బంతి దొరికిన ఆటగాడు దాన్ని పక్క గీత వెంబడి పొడవుగా తన్నేస్తే ప్రమాదం తక్కువే గాని, ఎదుటి వారికి సర్దుకోవడానికి కావలసినంత సమయం దొరుకుతుంది. మైదానం నడుమ నుంచి తన్నితే దారి దగ్గరవుతుంది, కాని గురి కాస్త తప్పిందంటే కొన్ని క్షణాల్లోనే బంతి మన గోలులో ఉంటుంది. కాలింగ్‌వుడ్ తరచుగా రెండో దారినే ఎంచుకుంది.

గోలు వెనుక పై అంతస్తులో కూర్చుని చూసినప్పుడు, బంతి వెంటే తిరిగే టీవీ కెమెరా చూపించనిది కనిపించింది. కాలింగ్‌వుడ్ ఆటగాడు, 20 ఏళ్ల నిక్ డైకోస్ పరుగు ఆపకుండా బంతి అందుకునే లోపే అతని సహచరులు కొందరు తాము కాపు కాయవలసిన వారిని వదిలేసి ముందుకు ఉరుకుతున్నారు. ఆ తన్ను చెడితే అంతమంది ప్రత్యర్థులు ఒంటరిగా, స్వేచ్ఛగా మిగిలిపోతారు. కబడ్డీలో కూతకు వెళ్లినవాడి తెగువ అతనొక్కడిదే, ఇక్కడ మాత్రం ఒకడి సాహసానికి జామీను మిగతా వారంతా ఇవ్వాలి. ఒక్క పొరపాటుతో ఉద్యోగం పోతుందేమోనని ప్రతి పెట్టె మీది చీటీని రెండుసార్లు చూసుకునే తాత్కాలిక వీసా మనుషులకు ఇది వింతగానే తోస్తుంది.

2023 సెప్టెంబరు 30న లక్ష మంది ఎదుట జరిగిన ఫైనల్లో బ్రిస్బేన్‌పై 90–86తో గెలిచినప్పుడు 4 గోల్స్ కొట్టి, ఉత్తమ ఆటగాడికిచ్చే నార్మ్ స్మిత్ పతకం అందుకున్నది బాబీ హిల్. అంతకు ముందు ఏడాదే క్యాన్సర్‌కు చికిత్స పొందిన ఆ కుర్రవాడు ప్రత్యర్థి భుజాల మీదికి ఎగిరి బంతి పట్టిన తీరు చూసి మా గోదాములో రగ్బీ అభిమానులు కూడా నోరు మెదపలేదు. అయితే 2023లో కాలింగ్‌వుడ్ ఆడిన మూడు తుది దశ మ్యాచ్‌లలోనూ గెలుపు తేడాలు వరుసగా 7, 1, 4 పాయింట్లే. ఏ మ్యాచ్‌లోనైనా ఒక్క గోలు అటునుంచి ఇటు మారి ఉంటే ఈ ఆటతీరును ఇదే జనం పిచ్చితనమనేవారు.

2024లో దాదాపు అదే జట్టు తొమ్మిదో స్థానంలో ఆగిపోయి, తుది దశకు చేరే తొలి ఎనిమిదింటిలో చోటు పోగొట్టుకుంది. గీత వెంబడి తన్నమని తాను మొదటి నుంచీ చెబుతూనే ఉన్నానని ఫోర్క్‌లిఫ్ట్ నడిపే పెద్దాయన దెప్పిపొడిచాడు. నాకు మాత్రం చెడింది నడుమ దారి తన్నులు కావని, వాటికి తోడుగా ఉరికే కాళ్లు మునుపటంత వేగంగా కదలకపోవడమేనని అనిపించింది.