రామప్ప గురించి మార్కో పోలో అనని మాట, రుద్రమ గురించి అన్న మాట

ఏప్రిల్ 18 ప్రపంచ వారసత్వ దినోత్సవం వచ్చిందంటే చాలు, మళ్ళీ రామప్ప యునెస్కో జాబితాలో చేరిన జూలై 25 వచ్చిందంటే చాలు, మన గ్రూపులన్నింటిలో రామప్ప గుడి ఫోటో తిరగడం మొదలవుతుంది. ఫోటో బాగుంటుంది, ఎవరు పంపినా ఆగి చూస్తాను. దాని కింద ఒక వాక్యం ఉంటుంది. దక్కన్ ఆలయాలనే నక్షత్రాల గుంపులో అన్నిటికంటే ఎక్కువగా మెరిసే నక్షత్రం ఇదేనని వెనిస్ యాత్రికుడు మార్కో పోలో రామప్పను చూసి మెచ్చుకున్నాడట. వాట్సాప్‌లోనే కాదు, వార్తల్లో కూడా ఈ మాట చాలాసార్లు చూశాను. మార్కో పోలో పుస్తకంలో ఈ మాట లేదు. అసలు రామప్ప గుడి ఊసే లేదు.

ఎవరినీ తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. మన ఊళ్ళ గురించి, మన గుళ్ళ గురించి మంచి వార్త కనిపిస్తే నలుగురికీ పంపాలనిపించడం చాలా మంచి విషయం, నేనూ రోజూ చేసే పనే. నా బాధ ఒక్కటే. ఆ లేని మాట తిరిగినంత కాలం, మార్కో పోలో మన గురించి నిజంగా చెప్పిన సంగతులు ఎవరి కంటా పడటం లేదు. ఆ సంగతులేమో ఆ ఒక్క పొగడ్త కంటే ఎన్నో రెట్లు బాగుంటాయి.

ఆయన పుస్తకం చదవడం పెద్ద కష్టమేమీ కాదు. 1298 ప్రాంతంలో జెనోవా జైల్లో ఉన్నప్పుడు తోటి ఖైదీ రుస్తికెల్లోకి చెప్పి రాయించిన పుస్తకం అది. హెన్రీ యూల్ 1871లో చేసిన ఇంగ్లీషు అనువాదం కాపీరైట్ లేకుండా ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతుంది. అందులో మన తీరం గురించి ఒక చిన్న అధ్యాయం ఉంది, ముత్ఫిలి అనే రాజ్యం గురించి. ముత్ఫిలి అంటే మోటుపల్లి, ఇప్పటి బాపట్ల జిల్లాలో చీరాలకు దగ్గర్లో సముద్రం ఒడ్డున ఉన్న ఊరు. కాకతీయుల కాలంలో అది పెద్ద రేవు, కాబట్టి ఓడల మీద వచ్చినవాళ్ళు రాజ్యం మొత్తాన్నీ ఆ రేవు పేరుతోనే పిలిచి ఉంటారు. ఓరుగల్లు పేరు మార్కో పోలో ఎత్తలేదు. రామప్ప గుడి ఉన్న ఊరు, ములుగు అడవుల దగ్గరి పాలంపేట దాకా వెళ్ళాడనడానికి అందులో చిన్న ఆనవాలు కూడా లేదు.

మరి ఏం చెప్పాడు? ముందు రాణి గురించి చెప్పాడు. ఈ రాజ్యాన్ని నలభై ఏళ్ళుగా ఒక రాణి ఏలుతోందని, ఎంతో వివేకం కలదని, భర్త మీద ప్రేమతో మళ్ళీ పెళ్ళి చేసుకోలేదని, రాజ్యాన్ని ఆయన నడిపినంత బాగా, అంతకంటే బాగా నడిపిందని. న్యాయం, ధర్మం, శాంతి కోరే మనిషి కాబట్టి ఇంతకుముందు ఏ రాజునూ ఏ రాణినీ ప్రేమించనంతగా జనం ఆమెను ప్రేమించారని. ఎక్కడో వెనిస్‌లో పుట్టినవాడు, ఒక ఆడమనిషి పాలన గురించి, ఏడువందల ఏళ్ళ కిందట! ఆమె రుద్రమదేవి అని చరిత్రకారులు అంటారు. ఈ నాలుగు ముక్కలు చదివినప్పుడు నాకు ఒళ్ళు పులకరించింది. రామప్ప ఫోటో కింద పెట్టిన ఏ విశేషణం చదివినా నాకు అలా అనిపించలేదు.

తర్వాత వజ్రాలు. వానాకాలంలో కొండల మీంచి వాగులు ఉధృతంగా దూకుతాయట, నీళ్ళు తీసేశాక ఆ ఇసుకలో వజ్రాలు ఏరుకుంటారట. మనుషులు దిగలేని లోయల్లోకి మాంసం ముక్కలు విసిరితే వాటికి వజ్రాలు అంటుకుంటాయని, గద్దలు వాటిని పైకి తెస్తాయని ఒక కథ కూడా చెప్పాడు. గద్దల కథ అప్పటికే ఎన్నో దేశాల్లో తిరుగుతున్నది, దాన్ని నమ్మనక్కర్లేదు. వాన తర్వాత వజ్రాలు ఏరుకోవడం మాత్రం రాయలసీమవాళ్ళకు కొత్త కాదు, ఇప్పటికీ తొలకరి పడితే కర్నూలు వైపు పొలాల్లో జనం వంగి వెతుకుతూనే ఉంటారు. ఆ తర్వాత బట్టలు. ఇక్కడ నేసే సన్నని నూలు బట్టలు సాలెగూడులా ఉంటాయని, వాటిని కట్టుకోవడానికి సంతోషించని రాజూ రాణీ లోకంలో ఉండరని అన్నాడు. చీరాల, మంగళగిరి, పెడన నేతగాళ్ళ గురించి వార్త వచ్చినప్పుడల్లా పక్కన ఈ వాక్యం ఎవరైనా పెడితే ఎంత బాగుంటుంది!

ఆయన చెప్పిందంతా సరిగ్గా ఉందని అనను. రుద్రమ తనకు ముందు రాజ్యమేలిన గణపతిదేవుడి భార్య కాదు, కూతురు. ఆమె భర్త నిడదవోలు చాళుక్య వీరభద్రుడు. నలభై ఏళ్ళు ఏలిందన్నదీ ఎక్కువే. ఇంకోటి, నల్గొండ జిల్లా చందుపట్లలో 1289 నవంబరు నాటి శాసనం ఒకటి దొరికింది, పువ్వుల ముమ్మడి అనే సేవకుడు వేయించినది. రుద్రమదేవికీ, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడికీ పుణ్యం కలగాలని అక్కడి సోమనాథ దేవుడికి భూమి ఇచ్చాడు. అప్పటికి ఇద్దరూ చనిపోయారని అందులో ఉంది. మార్కో పోలో చైనా నుంచి తిరుగు ప్రయాణంలో మన సముద్రం దాటింది ఆ తర్వాతే, 1290ల మొదట్లో. అంటే ఆమె పాలనను ఆయన కళ్ళారా చూసినట్టు కాదు, రేవుల్లో వర్తకులు చెప్పుకుంటుంటే విని ఉంటాడు. నాకైతే ఇది ఇంకా గొప్ప విషయం అనిపిస్తుంది. ఆమె పోయాక కూడా సముద్రం మీద తిరిగేవాళ్ళు ఆమెను అలా తలుచుకున్నారన్నమాట.

ఆ వర్తకులకు ఇక్కడి పాలకుల మీద అంత గౌరవం ఎందుకో తెలియాలంటే మోటుపల్లికే వెళ్ళాలి. అక్కడి వీరభద్రస్వామి గుడి దగ్గర గణపతిదేవుడు 1244లో వేయించిన అభయ శాసనం ఉంది. అంతకుముందు రాజులు, తుఫానుకు చిక్కి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నీ బలవంతంగా లాక్కునేవారట. ప్రాణం కంటే ధనమే ముఖ్యమని సముద్రానికి ఎదురెళ్ళే ఆ మనుషుల మీద దయతో, న్యాయంగా రావలసిన సుంకం తప్ప మిగతాదంతా వదిలేస్తున్నామని గణపతిదేవుడు రాతి మీద మాట ఇచ్చాడు. సుంకం ముప్పయ్యో వంతు. ఇంకా గంధం, కర్పూరం, పట్టు, పన్నీరు, దంతం, ముత్యాలు, పగడాలు, రాగి, మిరియాలు, వక్కలు, ఇలా సరుకుల పేర్లు వరసగా ఉంటాయి. ఓడ మునిగి సర్వం పోయిందనుకున్నవాడికి మిగిలిన సరుకు తిరిగి చేతికివ్వడం అంటే ఏమిటో ఒక్క నిమిషం ఆలోచించండి. ఇది మన శాసనం, మన రాయి, ఇందులో ఎవరూ కల్పించిన అక్షరం లేదు. దీన్ని ఫార్వర్డ్ చేసినవాళ్ళు నాకు ఇప్పటిదాకా కనిపించలేదు.

రామప్ప విషయానికొస్తే, ఆ గుడికి మార్కో పోలో సర్టిఫికెట్ అవసరమే లేదు. 2021 జూలై 25న యునెస్కో జాబితాలో చేరింది, మన దేశం నుంచి 39వది. ఆ గుడి ఆవరణలోనే నాలుగు పలకల శాసన స్తంభం ఉంది, శక సంవత్సరం 1135, అంటే 1213. కట్టించింది రేచర్ల రుద్రుడు. గణపతిదేవుడు కుర్రాడిగా దేవగిరి యాదవ రాజుల చేతిలో బందీగా ఉన్నప్పుడు శత్రువులంతా మీద పడుతుంటే రాజ్యం చెయ్యిజారకుండా కాపాడిన సేనాని ఈయనే. సింహాసనం ఖాళీగా ఉంది, సైన్యం తన చేతిలో ఉంది, అయినా తాను ఎక్కి కూర్చోలేదు. గణపతిదేవుడు తిరిగొచ్చాక రాజ్యం ఆయన చేతిలో పెట్టాడు. ఆ రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి అని చెప్తే పిల్లలు ఎలా వింటారో ఒకసారి చెప్పి చూడండి.

శిల్పి రామప్ప పేరు మీద వెలిసిన గుడి అన్న మాట కూడా బాగా తిరుగుతుంది. అది తరతరాలుగా అక్కడి జనం చెప్పుకునే మాట, శాసనంలో ఆ పేరు లేదు. చెప్పేటప్పుడు స్థానికులు ఇలా చెప్పుకుంటారని ఒక్క ముక్క కలిపితే సరిపోతుంది, కథ అందం ఏమీ తగ్గదు. శిఖరానికి వాడిన ఇటుకల సంగతి నిజమే, గుల్లగా ఉండి పైకప్పు మీద బరువు పడకుండా చేసిన తేలికపాటి ఇటుకలు, యునెస్కో కూడా ఆ విషయం ప్రత్యేకంగా రాసింది. నల్లరాతి మదనికలు, అంటే పైన నిలబడ్డ ఆడవాళ్ళ శిల్పాలు, సరేసరి. వాళ్ళలో ఒకామె కాళ్ళకు ఎత్తు మడమల చెప్పులున్నాయి, కింద నిలబడి తల పైకెత్తితే మీకే కనిపిస్తాయి, ఎవరి సాక్ష్యమూ అక్కర్లేదు.

అందుకే నేనొక పద్ధతి పెట్టుకున్నాను. ఇలాంటి వార్త పంపేటప్పుడు అది ఎక్కడ చదివానో లింకు పెడతాను, చదివిన అధ్యాయంలోంచో శాసనంలోంచో రెండు వాక్యాలు నా తెలుగులో రాస్తాను. పెద్దాయన పేరు చెప్పి ఒక పొగడ్త వస్తే ముందు ఆయన పుస్తకంలో వెతుకుతాను, లేకపోతే ఆ వాక్యం తీసేసి ఫోటో మాత్రం పంపుతాను. గ్రూపులో ఎవరైనా పాత మాటే పెడితే, తప్పు అని మొహం మీద అనకుండా, “బాబాయ్, మార్కో పోలో రుద్రమ గురించి ఇలా అన్నాడు, చూడండి” అని ఆ పేరా పెడతాను. గొడవ పెట్టుకున్నవాళ్ళు లేరు, ఇంకా ఏమన్నాడని అడిగినవాళ్ళే ఎక్కువ. గులాం యజ్దానీ పాలంపేట గుళ్ళ మీద 1922లో రాసిన పుస్తకం కూడా ఇలా అడిగినవాళ్ళ కోసమే దగ్గర పెట్టుకున్నాను. శిల్పాల గురించి తీరిగ్గా తెలుసుకోవాలనుకునేవాళ్ళు దాన్ని తప్పకుండా చూడాలి.

మోటుపల్లి, చినగంజాం వైపు వాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే, వీరభద్రస్వామి గుడి దగ్గర ఆ శాసనం ఇప్పుడు ఎలా ఉందో ఒక ఫోటో తీసి పంపండి. అక్షరాలు కనిపించేంత దగ్గర నుంచి తీస్తే మరీ మంచిది. శాసన పాఠంతో కలిపి ఇక్కడే పెడతాను, ఈ జూలైలో రామప్ప ఫోటోతో పాటు అది కూడా అందరికీ పంపుకుందాం.