దవడ కింద బిళ్ళ: ఆరోగ్య భయంతో నా అనుభవం

మాతో కలిసి పనిచేసిన ఒకాయన లింఫోమా అనే లింఫు గ్రంథుల క్యాన్సర్‌తో చనిపోయారని తెలిసిన వారంలోనే, అద్దం ముందు నిలబడి మెడ తడుముకుంటుంటే, ఎడమ దవడ కింద బఠాణీ గింజంత బిళ్ళ ఒకటి నా వేలికి తగిలింది. నొక్కితే అటూ ఇటూ జారింది. ఆ తరువాత దాదాపు రెండేళ్ల పాటు నా బతుకంతా ఆ గింజ చుట్టూనే తిరిగింది. ఉద్యోగం మానలేదు, ఇంటిపని మానలేదు, నలుగురిలోకి వెళ్లడమూ మానలేదు. కానీ ఎక్కడ కూర్చున్నా నా ఎడమచేతి రెండు వేళ్లు మాత్రం దవడ కిందే ఉండేవి. చూసినవాళ్లు నేనేదో దీర్ఘాలోచనలో ఉన్నాననుకునేవారు.

మొదట చూసిన డాక్టరు గారు నిదానంగానే పరీక్షించారు. గొంతులోనో పంటిలోనో ఇన్ఫెక్షన్ వచ్చినప్పుడు లింఫు గ్రంథులు వాస్తాయని, అది తగ్గాక కూడా కొన్నాళ్లు చేతికి తగులుతూ ఉండవచ్చని, ఇంత చిన్నగా, మెత్తగా, కదులుతూ ఉన్న బిళ్ళ గురించి దిగులు పడనక్కరలేదని చెప్పారు. బయటికి వచ్చేసరికి నాకు పోయిన ప్రాణం లేచివచ్చినట్టయింది. ఆ ఊరట సరిగ్గా రెండు రోజులుంది. మూడో రోజు తెల్లవారుజామున మెలకువ వచ్చి, ఆయన సరైన చోటే నొక్కి చూశారా, నేను చెప్పాల్సినదంతా చెప్పానా అన్న అనుమానం పట్టుకుంది. రెండో డాక్టరు, స్కానింగ్, రక్తపరీక్షలు అన్నీ అయ్యాయి. స్కానింగ్ మామూలుగానే ఉంది. రక్తపరీక్షల రిపోర్టులో మాత్రం ఒక అంకె పక్కన నల్లటి గుర్తు ఉంది. డాక్టరు దాన్ని చూసి పట్టించుకోలేదు. నేను ఆ రాత్రి కన్ను మూయలేదు.

చాలా కాలం తరువాత నాకు తెలిసిన సంగతి ఒకటి ఇక్కడే చెప్పాలి. రిపోర్టులో అంకె పక్కన కనిపించే సాధారణ పరిధిని చాలా పరీక్షలకు ఆరోగ్యవంతులలో 95 శాతం మంది అందులో ఉండేలా నిర్ణయిస్తారు. అంటే ఏ జబ్బూ లేని వందమందిలో అయిదుగురు ఎలాగూ ఆ గీత దాటే ఉంటారు. ఒకదానితో ఒకటి సంబంధం లేని 20 పరీక్షలు చేయించుకుంటే, వాటిలో కనీసం ఒకటైనా గీత దాటే అవకాశం 64 శాతం దాకా ఉంటుంది. పరీక్షలు పెంచుకుంటూ పోతే ఊరట పెరుగుతుందని నేను అనుకున్నాను. పెరిగింది నల్లటి గుర్తుల సంఖ్య.

రాత్రిళ్లు ఫోనులో లక్షణాలు వెతకడం ఎలా ఉంటుందో అందరికీ తెలిసినదే కనుక దాన్ని సాగదీయను. ఒక్క మాట మాత్రం చెబుతాను. నేను చదివే వ్యాసాన్ని బట్టి నా జబ్బు మారేది. కనురెప్ప అదిరితే నరాల జబ్బు, గుండె ఒక్కసారి లయ తప్పినట్టనిపిస్తే గుండె జబ్బు, వేళ్లు తిమ్మిరెక్కితే మరొకటి. ఇవన్నీ నేను కల్పించుకున్నవి కావు. తిమ్మిరి నిజం, దడ నిజం, అదురు నిజం. "అంతా నీ భ్రమ" అన్నవాళ్ల మీద నాకు అందుకే అంత కోపం వచ్చేది, ఆ కోపంలో న్యాయం ఉందనే ఇప్పటికీ అనుకుంటాను. భయపడ్డ మనిషి తనకు తెలియకుండానే వేగంగా ఊపిరి తీస్తాడు. దానితో రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి పెదవుల చుట్టూ, వేలికొసల్లో తిమ్మిర్లు పుడతాయి, తల తిరుగుతుంది. భయపడినప్పుడు ఊరే అడ్రినలిన్ అనే హార్మోను గుండెను పరుగెత్తిస్తుంది. శరీరం చెబుతున్నది నిజమే, దానికి నేను చెప్పుకుంటున్న అర్థమే తప్పు.

మూడో డాక్టరు నా ఫైలంతా ఓపికగా తిరగేసి, "ఇంకో పరీక్ష రాస్తే మీకు మేలు జరగదండీ. మీ బాధ నిజమైనదే, కానీ దానికి వైద్యం వేరే ఉంది" అని ఒక సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్లమన్నారు. అవమానంగా అనిపించి ఆ చీటీని మూడు నెలలు పర్సులోనే ఉంచుకున్నాను. చివరికి వెళ్లింది కూడా నా అంతట నేను కాదు, మా అక్క పోరు పడలేక.

అక్క గురించి చెప్పకుండా ఈ కథ ముందుకు సాగదు. రోజుకు పదిసార్లయినా ఆమెకు ఫోను చేసి "అక్కా, ఇది మామూలేనంటావా?" అని అడిగేదాన్ని. "మామూలేనే" అనేది. "అలా తేలిగ్గా అనెయ్యకు, ఫోటో పంపించాను, సరిగ్గా చూసి చెప్పు" అనేదాన్ని. చూసి మళ్లీ అదే మాట చెప్పేది. నా ప్రాణం కుదుటపడేది. గంట తిరక్కుండా, ఇంకో వెలుతురులో తీసిన ఇంకో ఫోటో.

సైకియాట్రిస్టు గారు నా కష్టానికి ఒక పేరు చెప్పారు. పూర్వం హైపోకాండ్రియాసిస్ అని పిలిచిన దాన్ని అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లో తన మానసిక రుగ్మతల వర్గీకరణ గ్రంథం ఐదో కూర్పు నుంచి తొలగించి, దాని స్థానంలో ఇల్‌నెస్ యాంగ్జైటీ డిజార్డర్ (జబ్బు ఉందేమోనన్న భయం), సొమాటిక్ సింప్టమ్ డిజార్డర్ (ఒంట్లోని లక్షణాల గురించి అతిగా ఆందోళన) అనే పేర్లు పెట్టిందట. ఇల్‌నెస్ యాంగ్జైటీ అనడానికి జబ్బు ఉందేమోనన్న ధ్యాస కనీసం 6 నెలలు సాగి ఉండాలట. నాకు అప్పటికి పద్నాలుగు నెలలు. పాత పేరుకు గ్రీకులో పక్కటెముకల మృదులాస్థి కింది భాగం అని అర్థమని, దిగులు పుట్టేది అక్కడేనని వెనకటి వైద్యులు నమ్మేవారని కూడా చెప్పారు. పేరు తెలియగానే నాకు గొప్ప నిబ్బరం కలిగింది. ఇంటికి చేరేలోపు, మానసికమని తేల్చేసి అసలు జబ్బును వదిలేశారేమోనన్న కొత్త భయం మొదలైంది.

ఆ తరువాత క్లినికల్ సైకాలజిస్టు దగ్గర వారానికొకసారి కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ, అంటే ఆలోచనలనూ అలవాట్లనూ మార్చుకునే మాటల చికిత్స, జరిగింది. ఆయన మొదటి రోజున బిళ్ళ ప్రమాదకరమా కాదా అన్న చర్చలోకే దిగలేదు. కాగితం మీద ఒక వలయం గీశారు: చిన్న అనుభూతి, దాని మీద ఒక భయంకరమైన ఊహ, దడ, తడుముకోవడమో అక్కను అడగడమో, ఊరట, మళ్లీ అనుమానం. "ఇందులో మీకు మందులా అనిపించేది ఏది?" అని అడిగారు. ఊరట అన్నాను. "వలయాన్ని తిప్పుతున్నది అదే" అన్నారు. గోకేకొద్దీ దురద పెరిగినట్టు, భరోసా అడిగేకొద్దీ అనుమానం బలపడుతుందన్న ఈ సంగతిని సల్కోవ్‌స్కిస్, వార్విక్ అనే ఇద్దరు పరిశోధకులు 1986లోనే ఒక వ్యాసంలో వివరించారని తరువాత తెలిసింది. నేను మాత్రం అప్పటిదాకా తగినంత భరోసా దొరకకే నాకు తగ్గడం లేదని నమ్ముతూ వచ్చాను.

మొదటి వారం ఏమీ మానమనలేదు, లెక్క రాయమన్నారు. బిళ్ళను తాకిన ప్రతిసారీ చిన్న పుస్తకంలో ఒక గీత. మొదటి రోజే నూట నలభై గీతలు వచ్చాయి. ఇరవై ఉంటాయేమో అనుకున్నదాన్ని. రెండో వారం, ఏ లోపమూ లేని నా కుడి చెవి తమ్మెను కూడా అన్నిసార్లే, అంతే గట్టిగా నొక్కమన్నారు. ఇదేం వైద్యమని మనసులో నవ్వుకుంటూనే చేశాను. మూడో రోజుకు తమ్మె కందిపోయి, వాచి, పడుకుంటే దిండు తగిలినా నొప్పి పుట్టింది. బిళ్ళ నొప్పి పెడుతోందని, అంటే పెరుగుతోందని నెలల తరబడి ఏడ్చినదాన్ని, ఆ రాత్రి చెవి పట్టుకుని పగలబడి నవ్వాను.

అసలు కష్టం ఆ తరువాతే. తాకడాన్ని ముందు సగానికి తగ్గించి, తరువాత రోజుకు ఒక వేళకు పరిమితం చేసి, చివరికి పూర్తిగా మానాలి. మొదటిసారి మానిన సాయంత్రం రుమాలుకు ముడి వేస్తూ, విప్పుతూ, మళ్లీ వేస్తూ కూర్చున్నాను. భయం కొండలా పెరిగింది. ఈ ఒక్కసారి చూస్తే పోదా, రేపటి నుంచి మానవచ్చు కదా అని మనసు బేరమాడింది. గంట దాటాక, నేనేమీ చేయకుండానే, ఆ భయం మెల్లగా సడలింది. తాకకపోయినా అది తగ్గుతుందన్న విషయం నా శరీరానికి తెలిసిన మొదటి రోజు అదే. మరుసటి రోజు నలభై నిమిషాలు పట్టింది. ఆ పై రోజు ఓడిపోయాను, పదకొండు గీతలు.

అక్క కూడా ఒకరోజు నాతో వచ్చి, ఇకమీదట భరోసా ఇవ్వనని సైకాలజిస్టు గారి ఎదుటే ఒప్పుకుంది. ఆ రాత్రే ఫోను చేశాను. "దానికి జవాబు చెప్పనని మాట ఇచ్చాను కదే. నీకు భయంగా ఉందని తెలుస్తోంది, కాసేపు వేరే ఏదైనా మాట్లాడుకుందాం" అంది. నేను నానా మాటలూ అని ఫోను పెట్టేశాను. ఆ రాత్రంతా తను ఏడ్చిందని ఆర్నెల్ల తరువాత బావగారు చెబితే తెలిసింది. ఈ వైద్యంలో మందు మింగేది ఒకరు, చేదు ఇంకొకరికి కూడా.

ఇంకో అభ్యాసం ఉంది, దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. "ఈ బిళ్ళ ప్రమాదకరమైనదే కావచ్చు. అది కాదని నాకు నూటికి నూరుపాళ్లు ఎప్పటికీ తెలియకపోవచ్చు" అని రాసి, నా గొంతుతోనే రికార్డు చేసి, రోజూ ఇరవై నిమిషాలు వినమన్నారు. మొదటి రోజు వింటూ వణికిపోయాను. పదో రోజో పన్నెండో రోజో, వింటూ ఉండగా ఆవలింత వచ్చింది.

సైకియాట్రిస్టు గారు ఆందోళన తగ్గించే సెర్ట్రలీన్ అనే మందు కూడా రాశారు. దుష్ఫలితాల జాబితా అచ్చువేసిన కాగితాన్ని ఆరోగ్య భయంతో బాధపడే మనిషికి మందుపెట్టెలోనే పెట్టి ఇవ్వడం ఎవరి చమత్కారమో కానీ, నేను అది విప్పకుండానే అక్క చేతికి ఇచ్చి, గమనించాల్సిన ముఖ్యమైన వాటిని డాక్టరు గారినే అడిగి తెలుసుకున్నాను. గుణం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుందని, మొదట్లో కొందరికి ఆందోళన కాస్త పెరిగినట్టు అనిపించవచ్చని ముందే చెప్పడం మంచిదైంది. ఏడాది పైచిలుకు వాడి, సైకియాట్రిస్టు గారి పర్యవేక్షణలోనే మెల్లగా తగ్గించుకుంటూ మానేశాను.

డాక్టర్ల ముఖమే చూడకూడదన్నది ఇందులో ఎవరూ నేర్పలేదు. నాలాంటి భయమే ఉండి, ఏం బయటపడుతుందోనని ఆసుపత్రి గడపే తొక్కనివాళ్లూ ఉంటారట. మేము ఒక కాగితం మీద నియమాలు రాసుకున్నాం. ఏ విషయానికైనా ఒక్కరే డాక్టరు. కొత్త లక్షణం చిన్నదైతే రెండు వారాలు ఆగాలి. ఛాతీలో బరువైన నొప్పి, ఆయాసం, ఒక పక్క చేయి కాలు పట్టుతప్పడం, మాట తడబడడం, ఆగని రక్తస్రావం లాంటివైతే అప్పటికప్పుడు వెళ్లాలి. ఫోనులో వెతకడం ఏ సందర్భంలోనూ లేదు. ఈ ఆఖరి నియమాన్ని చాలాసార్లే తప్పాను. నాన్నకు ఆపరేషన్ జరిగిన వారంలో ఒక రాత్రి మూడింటి వరకు తప్పాను. మరునాడు ఆ సంగతి సైకాలజిస్టు గారితో చెబితే, ఆయన పాత పుస్తకం తీసి మళ్లీ గీతలు మొదలుపెట్టమన్నారు, అంతే.

మొన్న నిజంగానే పంటి చిగురు వాచి కుడి దవడ కింద బిళ్ళ కట్టింది. నొప్పి భరించలేనంతగా ఉండడంతో వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లాను. చూసి, మందులు రాసి, "ఇంకేమైనా అడగాలా?" అన్నారు. ఎడమవైపు కూడా ఒకసారి చూడండి అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఏమీ లేదండీ అని చెప్పి లేచి వచ్చేశాను. వారానికి కుడివైపుది తగ్గిపోయింది. ఎడమవైపుది ఇప్పుడు ఉందో లేదో నాకు తెలియదు.