ఆ పద్దెనిమిది

పన్నెండు కావస్తోంది, నాలుగున్నరకి లేవాలి, నిద్ర రావట్లేదు. చిన్నోడు మళ్లీ నా దిండు లాక్కున్నాడు. మా ఆయనతో నిన్నటి నుంచి మాటల్లేవు. కానీ నిద్ర రానిది అందుకు కాదు.

గేటు దగ్గర డ్రైవర్లు తాగారో లేదో మిషనులో ఊదించి చూడటం నా పని. ఈరోజు ఒక పెద్దాయన ఊదితే 18 వచ్చింది. సిమెంటు బండి డ్రైవరు, ఎర్రగుంట్ల వైపు మనిషి. రోడ్డు మీద పోలీసులకైతే 30 (అంటే వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాలు) దాటితేనే కేసు, మా గేటులో సున్నా కాకుంటే బండి తాళం ఇవ్వరు. "తాగలేదు పాపా, పన్ను నొప్పని మందుల షాపోడిచ్చిన నీళ్లతో పుక్కిలించినా" అంటున్నాడు, ఇంతలో షిఫ్టు ఇన్‌చార్జి వచ్చి పాతికమంది ముందు "ఈ వయసులో సిగ్గు లేదా" అని ఎత్తుకున్నాడు. ఈయన్నెవరూ ఊదమనరు, కారులో అట్లే లోపలికి పోతాడు. అది వేరే సంగతి. కాదులే, అదీ ఈ సంగతే. డ్రైవర్లూ క్లీనర్లూ స్ట్రా పట్టుకుని వరసలో నిలబడాలి, ఆఫీసు వాళ్ల నోళ్లు మాత్రం గంగాజలం.

పుక్కిలించే నీళ్లలో ఆల్కహాలుంటే అది కాసేపు నోట్లోనే ఉంటుంది, అది నోటిదో ఊపిరితిత్తుల్లోదో మిషనుకి తెలీదు. అందుకే మనిషిని కళ్లముందు 15 నిమిషాలు కూర్చోబెట్టి, ఏమీ తిననీయక తాగనీయక, కొత్త స్ట్రాతో మళ్లీ ఊదించాలి. అమెరికాలో బస్సులూ లారీలూ నడిపేవాళ్లకి ఈ 15 నిమిషాలు రూలే, చేసేవాళ్లకి బ్రెత్ ఆల్కహాల్ టెక్నీషియన్ అని పెద్ద పేరు కూడా. ఇక్కడ నా పేరు ఊదక్క.

నాపబండ అరుగు మీద కూర్చున్నాడాయన, వచ్చేపోయే వాళ్లంతా చూస్తుండగా. తర్వాత ఊదితే సున్నా.

మా నాయన గుర్తొచ్చాడు. 1995లో మద్యనిషేధం పెట్టినప్పుడు మా అమ్మ ఎంత సంబరపడిందో, కానీ నాయన బండల లోడుతో బళ్లారి పోయి వచ్చేవాడు, అక్కడ నిషేధమేముంది. లారీ చప్పుడు వినగానే అమ్మ నన్ను తోసేది, "పోయి ఎత్తుకోమను" అని. నేను ఆయన మెడ పట్టుకుని, మీసాల దగ్గర ముక్కు పెట్టి, డీజిలూ బీడీ వాసనల కింద ఇంకోటి ఉందేమో వెతకాలి. తిరిగొచ్చి అమ్మకి తల ఊపాలి, నిలువుగానో అడ్డంగానో. నిలువుగా ఊపితే ఆ రాత్రి సంగటి కుండ కూడా ఎగిరిపడేది. ఒకసారి వాసన గుప్పున కొట్టినా అడ్డంగా ఊపేశాను. నాయనకి అర్థమైంది, మరుసటి రోజు రెండు రూపాయల బిళ్ల చేతిలో పెట్టాడు. ఆ బిళ్ల ఖర్చు పెట్టలేక చాన్నాళ్లు పలకల సంచిలో దాచుకున్నాను.

ఇన్‌చార్జిని తిట్టుకుంటూ ఇది మొదలుపెట్టాను కానీ, ఇక్కడిదాకా వచ్చాక నిజం చెప్పాలి. ఆయనకి ఆ అంకె ఎట్లా తెలిసింది? నేనే "పద్దెనిమిది మామా" అని గట్టిగా అన్నాను. అసలు ఊదించక ముందే, ఇప్పుడేమన్నా తిన్నావా, పుక్కిలించావా, మందేసుకున్నావా అని అడగాల్సింది నేను. వరస పొడుగ్గా ఉందని వదిలేశాను.

తాళం తీసుకుంటూ మెల్లగా అన్నాడు, "పాపా, ఆ పద్దెనిమిది కొట్టేయి, సున్నా ఒక్కటే ఉండనీ."

"రెండూ ఉండాల మామా, కొట్టేయగూడదు, పక్కన కారణం రాస్తాలే" అన్నాను. రాశాను కూడా. ఆయన ఏమీ అనకుండా బండెక్కాడు.

రేపు వరసలోకి రాగానే అడగాలి, పన్ను ఎట్లుంది మామా అని. స్ట్రా ఇవ్వక ముందే.